కట్టు కట్టేలోపు

చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. మణికట్టు దగ్గర వాచిపోయి, కదిపితే చాలు భుజం దాకా మంట పాకుతోంది. కదపకుండా ఉంచితే నొప్పి మెల్లగా తగ్గి, పక్కింట్లో ఏడుస్తున్న పసిబిడ్డ గొంతులా దూరమవుతోంది. అలా దూరమైన కాసేపూ భారతమ్మ చుట్టూ చూస్తోంది. పుత్తూరు కట్టు గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నా ఇక్కడికి రావడం ఇదే మొదలు. రేకుల పందిరి కింద బల్లలు, బల్లల నిండా చేతులూ కాళ్ళూ విరగ్గొట్టుకున్న మనుషులు, అరవం మాట్లాడేవాళ్ళు సగం మంది. లోపలి గదిలోంచి ఆకు పసరు వాసన, కోడిగుడ్ల నీచు. ఉండుండి లోపల ఒక కేక, కేక తర్వాత చడీచప్పుడూ ఉండదు, ఆ తర్వాత వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టిన చేతితోనో కాలితోనో మనిషి బయటికొస్తాడు, మొహం మాత్రం తేటగా. ఆ కేకకూ ఈ తేటదనానికీ నడుమ లోపల ఏం జరుగుతుందోనని ఆమెకు భయం కన్నా తెలుసుకోవాలనే ఆశే ఎక్కువగా ఉంది. ఆ ఆశే ఆమె జబ్బు. ఊరికే అడుగుతుంది. ఐరాలలో ఆమె మొగుడు నారాయణ, మోటారు షెడ్డు దగ్గరా గానుగ దగ్గరా నలుగురిలో ఉన్నప్పుడు ఆమె వస్తోందంటే, ఇదిగో ఇప్పుడేదో అడుగుతుంది చూడండి అని నవ్వుతాడు.

ఈ రోజు మాత్రం ప్రశ్న ఆమె అడిగేది కాదు, ఆమెను అడిగినది. జవాబు చెప్పాల్సింది తను. పక్కన కూర్చున్న కొడుకు దామోదరం పొద్దున చిత్తూరులో బస్సు మారినప్పటి నుంచీ చెబుతూనే వచ్చాడు. వెనకబడిన కులాలకు ప్రభుత్వం వాటా పెంచిందని, అందరికీ మిగిలే సీట్లు తగ్గిపోయాయని, ఈ ఎనభై ఆరులో ఇలా ఊరుకుంటే ఇంకో పదేళ్ళకు తమలాంటి పిల్లలకు బీఎస్సీ సీటు కూడా దొరకదని. తిరుపతిలో వీడి తోటి విద్యార్థులు డేరా వేసి కూర్చున్నారు, వాటా కావాలనేవాళ్ళు వేరేచోట ఇంకో డేరా వేశారట. ఈ సాయంత్రం తల్లుల ఊరేగింపు. మా అమ్మ వస్తుంది, ముందు వరసలో నడుస్తుంది అని వీడు అందరికీ చెప్పేశాడు. నిన్న తొట్టి దగ్గర పాకుడు మీద కాలు జారి తను పడిందని తెలిసి పరుగెత్తుకుంటూ ఊరికొచ్చినవాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు, పొద్దున బస్సులో సగం నవ్వుతూ, "చేతికి కట్టుతో నడిస్తే ఇంకా బాగుంటాది లేమ్మా" అన్నాడు. కట్టు అయిపోగానే తిరుపతి బస్సా, చిత్తూరు బస్సా? చిత్తూరు బస్సెక్కితే ఇల్లు, పడక, రాగిసంగటి. తిరుపతి బస్సెక్కితే ఊరేగింపు. ముందు వరసలో నడిచేవాళ్ళకు తామెందుకు నడుస్తున్నారో తెలిసి ఉండాలి కదా అని ఆమెకు అనిపిస్తోంది, అది తెలియకుండానే శానామంది నడుస్తారేమో అని కూడా అనిపిస్తోంది.

వాడు చెప్పిన వాటిలో ఒక మాట మాత్రం ములుకులా గుచ్చుకుంది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక నీ కడుపు కోసేవాడికి ఎన్ని మార్కులొచ్చాయో నీకక్కర్లేదా అని. అక్కరే. ఎవరికి అక్కర్లేదు? కానీ ఇప్పుడు, ఈ బల్ల మీద కూర్చుని, లోపలున్న ఆ పెద్దాయన చేతుల్లో తన ఎముక పెట్టబోతూ, ఆయనకెన్ని మార్కులో ఎవరినీ అడగలేదని ఆమెకు హఠాత్తుగా తట్టింది. అదే వాడితో అంటే, అది వేరేమ్మా, వాళ్ళది తాతల నాటి విద్య అన్నాడు. తాతల నాటిదే. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని గుడ్డ అందించి ఉంటాడు, బద్ద పట్టుకుని ఉంటాడు, ఏ ఎముక ఎటు కదిలితే ఎలా చప్పుడవుతుందో మాటలు వచ్చినప్పటి నుంచీ విని ఉంటాడు. ఆ గదిలో ఇంకెవరి బిడ్డైనా అలా కూర్చుని ఉంటే వాడికీ వచ్చి ఉండేది. కూర్చోనివ్వలేదు, పసరు రహస్యం బయటి వాళ్ళకు చెప్పరు. అంటే ముందు గదిలోకి రావడం, ఆ తర్వాతే చేతివాటం. బాగానే ఉంది. మరైతే విద్య రానివాణ్ణి ఎవణ్ణో తెచ్చి ఈ రోజే ఆ గదిలో కూర్చోబెట్టి, వీడూ నేర్చుకుంటాడులే, నీ చెయ్యి ఇవ్వు అంటే తను ఇస్తుందా? ఇవ్వదు. లేచి చిత్తూరు ఆసుపత్రికి పోతుంది. రెండూ నిజమే అయితే ఏ నిజం పట్టుకుని నడవాలి?

నొప్పి ఒకసారి లేచి కూర్చుంది. ఆమె పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుంటే, పొద్దున బస్సు కనిపించింది. కిక్కిరిసిన బస్సు. ముందు సీట్ల పైన స్త్రీలు అని రాసి ఉంది, ఆ సీట్లో ఒక బక్కమనిషి మోకాళ్ళ నడుమ వేరుశనక్కాయల మూట పెట్టుకుని నిద్రపోతున్నాడు. దామోదరం కండక్టరు మీద గట్టిగా అరిచాడు, అవి లేడీస్ సీట్లు, లేవమని చెప్పు అని. ఆ మనిషి కళ్ళు తెరిచి, ఎవరినీ ఏమీ అనకుండా మూట ఎత్తుకుని లేచాడు. లేచి, దారి పొడుగునా కడ్డీ పట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు. ఆయన కాళ్ళు వణుకుతున్నాయేమో తను చూడలేదు, చూడకుండా కిటికీ వైపు తిరిగింది, చెయ్యి అంత నొప్పిగా ఉంది మరి. కూర్చోవడం ఎంత హాయిగా ఉండింది. అదే ఆమెకు వింతగా ఉంది, ఆ హాయి. తన వెనకే బస్సెక్కిన లావుపాటి పెద్దింటి ఆడమనిషి ఒకామె కూడా అలాంటి సీట్లోనే కూర్చుంది, ఆమెకు చెయ్యీ కాలూ బాగానే ఉన్నాయి, ఒంటి మీద బంగారం కూడా ఉంది. రాతలో స్త్రీలు అని ఉంది కానీ చెయ్యి విరిగిన స్త్రీలు అని లేదు. మూట ఉన్న మగవాడు అని అసలే లేదు. రాత ఎంతని రాస్తారు? అయినా ఆ రాత లేకపోతే, తమ బస్సుల్లో, ఎవరైనా లేచేవారా? మంచివాడు ఒకడు లేస్తాడేమో. మంచివాడు ఎక్కిన రోజే తను ప్రయాణం పెట్టుకోవాలి.

దామోదరం బస్సుల సంగతి కనుక్కొస్తానని లేచి పోయాడు. వీపు మీద చొక్కా చెమటకు అంటుకుని ఉంది. సన్నబడ్డాడు. వాడి బాధ అబద్ధం కాదు. రెండేళ్ళు మెడికల్ ఎంట్రన్సు కోసం చదివాడు. తెల్లవారుజామున లేచి, నిద్రొస్తే కాళ్ళు నీళ్ళ బకెట్లో పెట్టుకుని చదివాడు. రెండోసారి ఫలితాలొచ్చిన రోజు అన్నం తినలేదు, ఏడవలేదు, ఎద్దు మెడ మీద చెయ్యేసి చీకటి పడేదాకా కొట్టంలో నిలబడ్డాడు. వీడి కన్నా తక్కువ మార్కులతో చిత్తూరులో ఒక కాంట్రాక్టరు కొడుక్కి సీటొచ్చింది, వాళ్ళకు వాటా ఉంది. ఆ కాంట్రాక్టరుకు రెండు లారీలు, మేడ, తమకన్నా పైమెట్టు. అది విన్న రోజు ఆమెకూ ఒళ్ళు మండింది. ఇది ఎక్కడి న్యాయం అని నారాయణతో ఆమే అంది. ఆ మాట ఈ రోజుకీ వెనక్కి తీసుకోదు. ఊళ్ళో వంట బ్రాహ్మడి కూతురు, చిరిగిన పావడాతో బడికి పోయే పిల్ల, ఆ పిల్లకు ఏ వాటా లేదు, లారీలవాడి కొడుక్కి ఉంది. కానీ తవ్వే కొద్దీ ఇంకోటి బయటపడుతోంది. రెండేళ్ళు వాడు తిరుపతిలో ఉండి చదివిందీ, ట్యూషన్లకు పోయిందీ, గది అద్దెకు తీసుకుందీ తమకు చెరుకు తోట ఉండబట్టే. నెల నెలా నెయ్యి పంపింది తను. మార్కులు వాడివే, వాడి కష్టమే. అందులో నెయ్యి ఎంత, తోట ఎంత, వాడెంత? విడదీసి చూపించమంటే ఎవరు చూపిస్తారు?

మార్కులు. ఐదో తరగతిలో ఆమెకూ ఉండేవి. బళ్ళో చదువు చెప్పే కృష్ణమూర్తి అయ్యవారు పంచె పైకి దోపుకుని వాళ్ళింటి అరుగు దాకా వచ్చి, ఈ పిల్లను చిత్తూరు హైస్కూలుకు పంపండి, బుర్ర ఉంది అని ఆమె నాయనతో చెప్పిన రోజు ఆమె తలుపు చాటున గడప మీద ఒంటికాలి మీద నిలబడి ఉంది. నాయన ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, ఆడబిడ్డ కదా అయ్యవారూ, మా చెంగల్రాయుణ్ణి పంపిస్తాం అన్నాడు. అన్నను పంపించారు. అన్న పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కి, తాలూకాఫీసులో గుమాస్తా అయ్యి, ఇప్పుడు పండగలకు వచ్చినప్పుడు వాలుకుర్చీలో కూర్చుని, తెలివుంటే ఎవడైనా పైకొస్తాడు, వాటాలెందుకు అంటాడు. చెడ్డవాడు కాదు. చెల్లెలంటే ప్రాణం. ఆ మాట అంటూ చెల్లెలి వైపే చూసి నవ్వుతాడు, ఔనా కాదా అని. ఆమె కూడా నవ్వి కాఫీ అందిస్తుంది. అన్నకు వచ్చిన ఆ హైస్కూలు సీటుకు ఒక పేరుండాలి కదా. ఏమని పిలవాలి దాన్ని? అప్పుడెవరూ డేరా వెయ్యలేదు.

"నొప్పి శానా ఉండాదా అమ్మా?"

పక్క బల్ల చివర కూర్చున్న అమ్మాయి. ఇరవై నాలుగో ఐదో ఉంటాయి, నీలం నూలుచీర, ఎడమ కాలు చీలమండ దగ్గర వాచి ఉంది, చెప్పు చేతిలో పట్టుకుని ఉంది. సైకిలు మీంచి పడిందట. పేరు మునిలక్ష్మి, నగిరి పక్క పల్లెలో ఎలిమెంటరీ బడి టీచరు. ఏ ఊరు పాపా, ఎవరి పిల్లవు అని భారతమ్మ అలవాటు కొద్దీ అడిగేసింది. ఆ అమ్మాయి దాచలేదు, తడబడలేదు, హరిజనవాడ అని చెప్పింది. ఉద్యోగం రిజర్వేషన్లోనే వచ్చిందని, అడగని మాట కూడా చెప్పింది. చెప్పి, మీ అబ్బాయి చెప్తాండే మాటలన్నీ ఇందాకట్నుంచి నాకు వినపడతానే ఉండాయమ్మా అంది.

భారతమ్మకు మొహం వేడెక్కింది. "వాడు నిన్ను అనలేదు పాపా."

"నన్నే అన్నాడమ్మా. నేనని తెలీక."

అందులో కోపం లేదు, అదే ఆమెను తికమక పెట్టింది. కోపమైతే దానికి ఎదురు ఎలా మాట్లాడాలో తెలుసు. నోరు మూసుకోవాల్సిన చోటే నోరు తెరిచే జబ్బు కదా, ఆమె అడిగేసింది: అలా వచ్చిన ఉద్యోగంలో ఎలా ఉంటుంది అని. మునిలక్ష్మి చెప్పును నేల మీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇంకో టీచరమ్మ బోర్డు మీద లెక్క తప్పు చేస్తే, లెక్క తప్పింది అంటారమ్మా. నేను చేస్తే, అందుకే అంటారు. ఆ అందుకే అనే మాట ఉండాదే, రోజూ నాకన్నా ముందే బడికొచ్చి కూర్చోనుంటాది."

అయితే ఇది వద్దు అనిపించలేదా ఎప్పుడూ అని భారతమ్మ అడిగింది. అనిపించిందట, ఒకటి రెండు మాట్లు. "కానీ అది లేకపోతే నా లెక్క తప్పో ఒప్పో చూసేవాళ్ళు కూడా ఉండరు కదమ్మా. నేను ఆ గదిలోనే ఉండను" అంది. మరి నీ బిడ్డలకూ ఇదే కావాలా, వాళ్ళ బిడ్డలకూ కావాలా, ఎన్నాళ్ళని? ఈసారి ఆ అమ్మాయి నవ్వింది, ఇంకా పెళ్ళే కాలేదట. నవ్వాక ఆలోచనలో పడింది. తన బిడ్డలకు చదువుకున్న తల్లి ఉంటుంది, ఇంట్లో దీపం ఉంటుంది, వాళ్ళకు వద్దేమో, తనకు కచ్చితంగా తెలీదు. వాళ్ళ అన్న ఇటుకల బట్టీలోనే ఉన్నాడు, అన్న బిడ్డలకు మాత్రం కావాలి. తనకొచ్చింది కదా అని వాళ్ళ వాకిలి దాకా ఏమీ రాలేదు. ఇదంతా ఎవరితోనో వాదిస్తున్నట్టు కాదు, తనకు తానే లెక్క చూసుకుంటున్నట్టు చెప్పింది. అంతలో లోపలి నుంచి పిలుపు వస్తే, బల్ల పట్టుకుని లేచి ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళింది. గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా లోపలికి వెళ్ళింది.

ఆగకుండా. భారతమ్మ ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. నిన్న తొట్టి దగ్గర తను పడ్డప్పుడు మొదట పరుగెత్తుకొచ్చింది నాగులమ్మ, ఇరవై ఏళ్ళుగా కొట్టంలో పని చేసే మనిషి, తన ఈడుదే. ఆ బక్క చేతుల్లో ఎక్కడిదో అంత బలం, తనను అలాగే ఎత్తి నడిపించుకుంటూ వసారా దాటించి ఇంటి గడప దాకా తెచ్చింది. తెచ్చి ఆగింది. ఒక చెయ్యి ఇంకా తన నడుం చుట్టూ ఉంది, తల మాత్రం లోపలికి పెట్టి, ఎవరైనా రండమ్మా అని కేకేసింది. లోపల ఎవరూ లేరు. ఇద్దరూ అలా గడప బయట నిలబడి ఉన్నారు, తనకు కళ్ళు తిరుగుతున్నాయి, నాగులమ్మ గుండె తన వీపుకు టకటకా కొట్టుకుంటోంది. రా అనలేదు తను. అనకూడదని కాదు. ఆ మాట నోట్లో లేదు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాడలేదు కాబట్టి అందలేదు. ఎప్పుడో ఒకసారి వేరుశనక్కాయలు వలుస్తూ, చిన్నప్పుడు నీకు బడికి పోవాలని లేదా నాగులూ అని అడిగింది. నాగులమ్మ వింతగా చూసి, బడి కూడా మీ ఇల్లు మాదిరే కదమ్మా, నేనెట్ల వస్తాను అంది, ఏ బాధా లేకుండా. అది బాధ లేకుండా అనగలగడమే ఇప్పుడు భారతమ్మకు అంతుపట్టడం లేదు. తనకైతే చదువు మాన్పించారన్న బాధ ఉంది, తలుపు చాటు దాకా వచ్చింది కాబట్టి. అంతదాకా కూడా రానివాళ్ళకు ఏం పోయిందో వాళ్ళకే తెలియదు. మరి ఈ వాటాలు నాగులమ్మ దాకా వచ్చాయా? రాలేదు. ఆమె కొడుకు ఎనిమిదితో మానేసి చెరుకు నరుకుతున్నాడు. రానప్పుడు ఎందుకు అనాలా, ఇంకా రాలేదు కాబట్టే ఉండాలి అనాలా? దామోదరానికి పోయిన సీటుకు బదులు వాడికేం చెప్పాలి, నీ తప్పు లేదు నాయనా, అయినా నువ్వే లేవాలి అనా? ఏ తల్లి చెబుతుంది ఆ మాట? చెప్పకపోతే మాత్రం, ఎవరో ఒకరు లేవకుండా ఎవరైనా ఎలా కూర్చుంటారు?

ఆమెను పిలిచారు. లోపల మసక వెలుగు. పెద్దాయన ఆమె చేతిని తన తొడ మీద పెట్టుకుని, మాట్లాడుతూనే, మీది ఐరాలా, ఈ ఏడు చెరుకు ఎట్లుండాదమ్మా అని అడుగుతూనే, బొటనవేలితో ఎముక వెంట మెల్లగా నడిచాడు. చెరుకు బాగానే ఉందని చెప్పబోయింది. అంతలోనే లాగాడు. కేక వేసింది తనేనని తర్వాత తెలిసింది. తెల్లటి మెరుపు ఒకటి, అందులో అరుగూ మజ్జిగ చెంబూ నాగులమ్మ గుండె చప్పుడూ ఎద్దు మెడ మీద కొడుకు చెయ్యీ అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, లోపల ఎక్కడో టక్కుమని ఎముక తన చోట్లో కూర్చుంది. ఆ తర్వాత చల్లటి పసరు, గుడ్డ, బద్దలు, మళ్ళీ గుడ్డ. బయటికి వచ్చేసరికి తన మొహం కూడా తేటగానే ఉండి ఉంటుంది. మునిలక్ష్మి కనిపించలేదు, వెళ్ళిపోయింది. దామోదరం ఎదురుగా వచ్చి, కట్టు వైపూ ఆమె మొహం వైపూ చూసి, తిరుపతి బస్సు ఇప్పుడే వస్తుందన్నాడు.

"వస్తాను" అంది భారతమ్మ. "మీ డేరాలో ఒక గంట కూర్చుంటాను. ఊరేగింపు సంగతి తర్వాత. వాటా కావాలనేవాళ్ళు కూడా యాడో డేరా వేసినారంటివే, ఆడికీ తీసుకుపో. ఆడా ఒక గంట కూర్చుంటాను."

వాడు నిలబడిపోయాడు. వాళ్ళ దగ్గర నీకేం పనమ్మా అన్నాడు. తోటి పిల్లల్లో తలెత్తుకోలేనన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "అంటే నువ్వు వాళ్ళ పక్కనా?" అని అడిగాడు. ఆ అడగడంలో కొట్టంలో నిలబడ్డ రోజున్న వాడి మొహం ఉంది.

"ఏ పక్కో తెలిసుంటే ఇంటికాడనే ఉందును కదప్పా. నీ మాట నీ నోట విన్నాను. వాళ్ళ మాట కూడా ఇంతవరకూ నీ నోటనే విన్నాను."

బస్సొచ్చింది. వాడు ఆమె బాగున్న చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. వడమాలపేట దాటింది. ఎండలో మామిడితోటలు, దూరంగా నీలంగా కొండలు. చెయ్యి ఇప్పుడు నొప్పి పెట్టడం లేదు, బరువుగా ఉంది. ఉన్నట్టుండి వాడు, కిటికీ బయటికి చూస్తూనే, నేను తిరిగొచ్చేటప్పుడు ఆ కాలు వాచిన అమ్మాయి నీతో ఏందో చెప్తా ఉంటే దూరం నుంచి చూస్తినే, ఏమన్నాది అని అడిగాడు. ఆమె చెప్పింది. తెలీక నన్నే అన్నాడు అన్న మాటతో మొదలుపెట్టి, అందుకే అన్న మాటా, ఇటుకల బట్టీలో అన్నా, ఏదీ కలపకుండా ఏదీ తీసెయ్యకుండా చెప్పింది. వాడు ఎర్రబడ్డాడు. రేణిగుంట రైలు గేటు దగ్గర బస్సాగింది, గూడ్సు బండి ఒకటి తీరిగ్గా పోతోంది. పెట్టెలన్నీ పోయేదాకా చూసి, అప్పుడన్నాడు.

"ఒక గంటే. నేను లోపలికి రాను. రోడ్డు మీదనే నిలబడతాను."

"నిలబడు నాయనా" అంది భారతమ్మ. "వాళ్ళూ మైకు పెట్టింటారు. రోడ్డు మీదికీ వినపడతాది."